ముందు ఫోటో, తర్వాత లెన్స్, ఆఖరున కెమెరా

"అన్నా, యాభై వేలు కూడబెట్టుకున్నా. ఏ కెమెరా తీసుకోమంటావ్?"

ఈ మాట అడిగే పిల్లలు నాకు ఖమ్మం లకారం కట్ట మీద కలుస్తారు, పాల్వంచలో కలుస్తారు, భద్రాచలం కరకట్ట మీదా కలుస్తారు. నేను వెంటనే జవాబు చెప్పను. "ఏం తీద్దామనుకుంటున్నావ్ తమ్ముడూ?" అని తిరిగి అడుగుతాను. "అన్నీ అన్నా" అంటారు చాలామంది. డబ్బు దండగ అవడం సరిగ్గా ఆ మాట దగ్గరే మొదలవుతుంది.

ఎందుకంటే అన్నీ తీసే కెమెరా లేదు. కిన్నెరసాని జలాశయంలో బండ మీద ఎండ కాగే మొసలిని దగ్గరికి తెచ్చే లెన్స్, వసారాలో కూర్చుని విస్తరాకులు కుడుతున్న అవ్వను తీయడానికి పనికిరాదు. అవ్వను చక్కగా చూపించే లెన్స్‌తో మొసలిని తీస్తే కట్టెముక్కలా కనిపిస్తుంది. ముక్కోటి ఏకాదశికి ముందురోజు సాయంత్రం భద్రాచలం దగ్గర గోదావరిలో హంసవాహనం మీద రాములవారి తెప్పోత్సవం జరుగుతుంది కదా, అక్కడ ఈ రెండూ ఇబ్బంది పెట్టేవే. మూడింటికీ మూడు రకాల అవసరాలు. మీది ఏది?

తెలియకపోతే కంగారు పడకండి. తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని దారి ఉంది.

1. కొనేముందు నెల రోజులు ఫోన్‌తో తిరగండి

జేబులో ఒక చిన్న నోటుబుక్ పెట్టుకోండి. ఫోన్‌తో ఫోటో తీయబోయి "అబ్బా, రాలేదే" అనుకున్న ప్రతిసారీ ఒక్క ముక్క రాయండి. ఏం తీయబోయారు, ఎందుకు రాలేదు? ఎందుకన్న చోట మూడే మాటలు వాడండి: దూరం, చీకటి, కదలిక. ఇంకేమీ అక్కర్లేదు.

కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి నోటుబుక్ నేను చూశాను. కరెంటు తీగ మీద పాలపిట్ట: దూరం. చెరువు అవతలి గట్టున కొంగలు: దూరం. కిన్నెరసాని జింకల పార్కులో దుప్పి పిల్ల: దూరం. పేజీ నిండా అదే మాట. ఆ కుర్రాడు అప్పటికి మనసులో ఖాయం చేసుకున్నది ఏమిటో తెలుసా? ఖరీదైన బాడీ (లెన్స్ లేని కెమెరా), దానితోపాటు వచ్చే మామూలు 18-55 కిట్ లెన్స్. అది కొని ఉంటే పాలపిట్ట మళ్లీ నీలిరంగు చుక్కే అయ్యేది. కాకపోతే ఈసారి చాలా ఖరీదైన చుక్క.

భద్రాచలంలో ఒక టీచరమ్మ రాసుకున్నది పూర్తిగా వేరు. దీపాల వెలుగులో అమ్మ ముఖం, పొయ్యి దగ్గర వదిన, తెల్లవారకముందు గోదావరి స్నానఘట్టం. అన్నింటి ఎదుటా చీకటి, చీకటి, చీకటి. ఆమెకు పెద్ద జూమ్‌తో పనే లేదు. చిన్న లెన్స్ ఒకటి చాలు, ఎక్కువ వెలుగు తాగేది.

ఈ నెల రోజులూ దాటేసి నేరుగా దుకాణానికి వెళ్లిపోవాలనిపిస్తుంది. పండగ ఆఫర్ అయిపోతుందేమోనని భయమేస్తుంది. ఆఫర్లు మళ్లీ వస్తాయి. దయచేసి ఈ ఒక్క పని చేయండి, ఎందుకంటే ఈ అధ్యాయంలో మిగతాదంతా ఆ నోటుబుక్ మీదే ఆధారపడి ఉంది.

2. "దూరం" ఎక్కువసార్లు రాసుకున్నారా? మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చి చూడండి

లెన్స్ మీద 18-55, 55-250, 70-300 అని అంకెలుంటాయి. దుకాణంలో వాటిని "ఇంత జూమ్" అని చెప్పి వదిలేస్తారు. ఆ మాటతో మీకేం అర్థమవుతుంది? నేను వేరేలా చెబుతాను.

మనలాంటి కొత్తవాళ్లు కొనే కెమెరాల్లో ఎక్కువ భాగం ఏపీఎస్-సి అనే సెన్సర్‌తో వస్తాయి. దాని వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు, కెనాన్‌లో కొంచెం తక్కువ. అలాంటి కెమెరాకు 55 ఎంఎం పెట్టి 30 మీటర్ల దూరంలో ఉన్న దుప్పిని చూస్తే ఫ్రేమ్‌లో దాదాపు 13 మీటర్ల అడవి పడుతుంది. అంటే ఒక ఆర్టీసీ బస్సు కంటే పొడవైన జాగా. అందులో మీ దుప్పి ఏ మూలనో ఉంటుంది. అదే చోట నిలబడి 300 ఎంఎం పెడితే ఫ్రేమ్‌లో పట్టేది రెండు మీటర్ల ముప్పై అయిదు సెంటీమీటర్లే. ఇప్పుడు దుప్పి ఫ్రేమ్ సగానికి మించి నిండుతుంది. చెవి మీద వాలిన ఈగ కూడా కనిపిస్తుంది.

పిట్టల సంగతి వేరు. 15 మీటర్ల దూరంలో కొమ్మ మీద లకుముకి పిట్ట ఉందనుకోండి. 300 ఎంఎంతో కూడా అది ఫ్రేమ్ వెడల్పులో అయిదో వంతే ఉంటుంది. పర్వాలేదు, కత్తిరించుకోవచ్చు. పిట్టలే మీ ప్రాణమైతే 150-600 లాంటి లెన్స్ పేరు వింటారు. సిగ్మా, టామ్రాన్ రెండూ చేస్తాయి. కానీ అది దాదాపు రెండు కిలోల బరువు. మొదటి ఏడాదిలో కొనకండి. బాగా తీసేవాళ్లు కూడా దాన్ని గంటసేపు చేత్తో పట్టుకుని నిలబడలేరు. కొత్తవాళ్లయితే నాలుగుసార్లు మోసి అటక మీద పెట్టేస్తారు. ముందు 55-250 లేదా 70-300తో మొదలుపెట్టి, పిట్టకు దగ్గరగా ఎలా వెళ్లాలో నేర్చుకోండి. ఓపిగ్గా ఒకే చెట్టు కింద కూర్చుంటే పదిహేను మీటర్లు ఎనిమిదవుతాయి. అప్పుడు 300 ఎంఎం లెన్సే 600 పని చేసిపెడుతుంది.

ఇక్కడ మన అడవి గురించి ఒక్క మాట. ఇది టేకు ఎక్కువగా ఉన్న అడవి. ఎండాకాలం వచ్చేసరికి టేకు ఆకు రాల్చేస్తుంది. అడవి లోపలికి చూపు పోతుంది, వెలుగు పడుతుంది, నీటి మడుగుల దగ్గరికి జంతువులూ వస్తాయి. అదే వానలు పడ్డాక చేటంత ఆకులు కమ్మేసి పగలే మసక చేస్తాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు చక్కగా పనిచేసిన లెన్స్ ఆగస్టులో "బాగాలేదు" అనిపిస్తే తప్పు లెన్స్‌ది కాదు. అప్పుడేం చేయాలో తర్వాతి సూచనలో ఉంది.

3. "చీకటి" ఎక్కువగా ఉందా? ఎఫ్ నంబర్ చూడండి

లెన్స్ కళ్లెదుట ఉంటే ముందు గాజు చుట్టూ ఉన్న రాత చదవండి. 1:3.5-5.6 అని ఉంటే అది మామూలు కిట్ జూమ్. 1:1.8 అని ఉంటే దానికి వెలుగు లోపలికి పోయే కన్ను పెద్దదన్నమాట. ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే అంత వెలుగు. ఎఫ్5.6తో పోలిస్తే ఎఫ్1.8 దాదాపు పది రెట్ల వెలుగు తీసుకుంటుంది. చీకటి పడ్డాక కోయ కళాకారులు డోలు మోగిస్తూ ఆడుతున్నప్పుడు ఈ పది రెట్ల వెలుగే మీకు ముఖాలు చూపిస్తుంది. లేకపోతే మిగిలేవి మసక చారలే.

ఇలాంటి లెన్సుల్లో చవకైనది 50 ఎంఎం ఎఫ్1.8. దాదాపు ప్రతి కంపెనీ చేస్తుంది. అందరూ అదే కొనమంటారు. కొనేముందు చిన్న పరీక్ష చేయండి, నేను దీన్ని అందరి చేతా చేయిస్తాను. స్నేహితుడి దగ్గర 18-55 కిట్ లెన్స్ అడిగి తెచ్చుకోండి. దాని రింగును సరిగ్గా 50 దగ్గర పెట్టి, జరగకుండా సెల్లో టేపు వేయండి. ఒక ఆదివారమంతా అలాగే తీయండి. మళ్లీ ఆదివారం 35 దగ్గర టేపు వేయండి.

ఏం జరుగుతుందో చెప్పనా? 50 దగ్గర మీరు ఇంట్లో వెనక్కి వెనక్కి నడుస్తూ గోడకు ఆనుకుంటారు. అమ్మ ముఖం వస్తుంది గాని చేతిలోని చేట రాదు. ఏపీఎస్-సి మీద 50 ఎంఎం చూసే మేర, పెద్ద సెన్సర్ మీద 75 లేదా 80 ఎంఎం లెన్స్ చూసేంత ఇరుకు. ఆరుబయట ఒక్క మనిషి బొమ్మకు అద్భుతం. వసారాలో, వంటింట్లో, పడవలో, బస్సులో మాత్రం 35 ఎంఎం నయం. పైన చెప్పిన టీచరమ్మ రెండు ఆదివారాల తర్వాత 35 కొన్నారు. దుకాణంలో ఆమె చేతిలో పెట్టబోయింది 50.

ఇక ఐఎస్ఓ (తక్కువ వెలుగులో కెమెరా సున్నితత్వాన్ని పెంచే అంకె) భయం. "1600 దాటితే గింజలు వస్తాయట కదా?" అని అడుగుతారు. వస్తాయి. రానివ్వండి. గింజలున్న ఫోటో ఇంట్లో గోడకు తగిలించుకోవచ్చు, కదిలిపోయిన ఫోటో దేనికీ పనికిరాదు. వానాకాలపు టేకు అడవిలో, కార్తీక దీపాల దగ్గర 3200కు వెళ్లండి, జంకకండి.

4. "కదలిక" రాసుకున్నవాళ్లు

ఎగిరే కొంగ, కబడ్డీ ఆట, శ్రీరామనవమి నాడు మిథిలా ప్రాంగణంలో తలంబ్రాలు పడే క్షణం. వీటికి సెకనులో 500వ వంతు, 1000వ వంతు షట్టర్ కావాలి. కళ్యాణం నట్టనడి మధ్యాహ్నం కాబట్టి వెలుగుకు లోటు లేదు. కావలసింది జనంలోంచి వేదిక దాకా చేరే లెన్స్, వేగంగా ఫోకస్ పట్టే బాడీ. ఈ మూడో రకంలోనే బాడీ మీద ఇంకొంచెం ఖర్చు పెట్టడం న్యాయం.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. లెన్స్ మీద ఐఎస్ అనో వీఆర్ అనో రాసి ఉంటే కదిలేవన్నీ నిలకడగా వస్తాయనుకుంటారు. అది మీ చేతి వణుకును ఆపుతుంది. ఎగిరే కొంగను ఆపలేదు.

5. ఇప్పుడు బాడీ

చూశారా, ఇంతసేపూ కెమెరా పేరే ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం ఉంది. మంచి లెన్స్ పదేళ్లు మీతో ఉంటుంది, బాడీ అయిదారేళ్లకు పాతబడుతుంది. 

మెగాపిక్సెళ్ల పోటీలో పడకండి. 24 మెగాపిక్సెళ్లంటే 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేసినా 20 అంగుళాల వెడల్పు వస్తుంది. మీ పెళ్లి ఆల్బమ్ ఎంత వెడల్పుందో ఒకసారి కొలిచి చూడండి, సంగతి తేలిపోతుంది.

డీఎస్ఎల్ఆరా, మిర్రర్‌లెస్సా? కొత్తది కొనేటట్టయితే మిర్రర్‌లెస్ తీసుకోండి. కెనాన్, నికాన్ రెండూ 2018లో కొత్త మౌంట్లు (లెన్స్ తగిలించే నోళ్లు) తెచ్చాయి, ఆర్ఎఫ్, జెడ్ అని. వాటి శ్రద్ధ ఇప్పుడంతా అటే. సోనీ అంతకుముందు నుంచే ఆ దారిలో ఉంది. అయితే చేతిలో డబ్బు తక్కువైతే, సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కొని మిగిలినది లెన్స్ మీద పెట్టడమే తెలివి. ఇది నా గట్టి అభిప్రాయం. కెనాన్ 200డి, నికాన్ డి5600 లాంటివి ఇవాళ్టికీ మంచి కెమెరాలే. పైగా అడవికి వెళ్లేవాళ్లకు డీఎస్ఎల్ఆర్‌లో ఒక సుఖముంది: బ్యాటరీ. నికాన్ డి3500 ఒక్క ఛార్జింగ్‌తో 1550 ఫోటోలు తీస్తుందని లెక్క. చిన్న మిర్రర్‌లెస్‌లు చాలావరకు మూడు నాలుగు వందల దగ్గర చేతులెత్తేస్తాయి. పొద్దున బయల్దేరి పాపికొండల పడవెక్కితే మళ్లీ ప్లగ్గు కనిపించేది రాత్రికే. మిర్రర్‌లెస్ కొంటే రెండో బ్యాటరీ కూడా అదే రోజు కొనండి.

డీఎస్ఎల్ఆర్ లెన్సులు అడాప్టర్ పెట్టుకుంటే అదే కంపెనీ మిర్రర్‌లెస్‌కు పనికొస్తాయి. మిర్రర్‌లెస్ లెన్స్ మాత్రం వెనక్కి, డీఎస్ఎల్ఆర్‌కు పనికిరాదు. ఈ సంగతి గుర్తుంటే ఇవాళ కొన్న లెన్స్ రేపు దండగ కాదు.

నికాన్ కొనేవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. నాకు తెలిసిన ఒక అబ్బాయి డి5600 కొన్నాక, హైదరాబాద్ వెళ్లి కోఠిలో చవకగా దొరికిందని పాత 50 ఎంఎం 1.8డి తెచ్చుకున్నాడు. రాత్రి రైల్లో కొత్తగూడెం దిగాడు, మన భద్రాచలం రోడ్ స్టేషన్‌లో. అక్కడి నుంచే ఫోన్: "అన్నా, ఫోకస్ తిరగట్లేదు. మోసపోయాను." లెన్స్‌లో ఏ లోపమూ లేదు. ఆ పాతరకం లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు, బాడీలో ఉండాలి. డి3500, డి5600 లాంటి బాడీల్లోనూ ఉండదు. డి7500లో ఉంది. కాబట్టి చిన్న నికాన్ బాడీకి కొనేటప్పుడు లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అన్న అక్షరాలు వెతకండి. ఆ అక్షరాలు ముందే చూసుకుని ఉంటే అంత దూరం తిరుగు ప్రయాణం తప్పేది.

6. సెకండ్ హ్యాండ్ లెన్స్ పది నిమిషాల్లో ఎలా చూడాలి

నేను ఒకసారి 70-300 కొన్నాను, సాయంత్రం పూట, ట్యూబ్‌లైట్ కింద. అద్దంలా మెరుస్తోంది. వారం తర్వాత ఎండకు ఎదురుగా తీస్తే ఫోటో అంతా పాలు కలిపినట్టు తెల్లగా వచ్చింది. లోపల ఫంగస్. అప్పటి నుంచి ఇదిగో ఇలా చూస్తాను, మీరూ ఇలాగే చూడండి.

రెండు వైపులా మూతలు తీయండి. ఒక చివర నుంచి ఫోన్ టార్చి వేసి, రెండో చివర నుంచి కొంచెం ఏటవాలుగా చూడండి. లెన్స్‌ను మెల్లగా తిప్పండి. దుమ్ము రేణువులు చుక్కల్లా కనిపిస్తాయి. నాలుగైదు ఉంటే ఏమీ కాదు, ప్రతి పాత లెన్స్‌లో ఉంటాయి. ఫంగస్ అయితే సాలీడు దారాల్లా, చెట్టు వేళ్లలా పాయలు పాయలుగా ఉంటుంది, తరచు గాజు అంచు నుంచి మొదలై లోపలికి పాకుతుంది. ఆ పాయలు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. ఇంట్లో ఉన్న మంచి లెన్స్‌ల పక్కన అలాంటిదాన్ని పెట్టుకోకూడదు.

తర్వాత జూమ్ రింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఎక్కడైనా గరగరమంటోందా? చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపితే లోపల ఊగుతున్న చప్పుడు వస్తోందా? బయట వెలుతుర్లోకి వెళ్లి, ఎదురుగా ఉన్న బోర్డు అక్షరాలను మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ తీసి పెద్దవి చేసి చూడండి. "అన్నా, ఒక్కసారి బయట చూసుకుని వస్తా" అంటే నిజాయతీగా అమ్మేవాళ్లెవరూ కాదనరు. కాదంటే అక్కడి నుంచి కదలండి.

బాడీ అయితే షట్టర్ కౌంట్ అడగండి. బండికి తిరిగిన కిలోమీటర్లలాంటిది అది. పెళ్లిళ్లు తీసినవాళ్ల కెమెరాల్లో అది లక్షల్లో ఉంటుంది. ఇంట్లో వాడినవాటిలో పది, పదిహేను వేలు. బిల్లు తీసుకోండి. కొత్తదైనా సరే, మన దేశపు వారంటీ కార్డు, సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకుండా "మూడు వేలు తగ్గిస్తా" అంటే వద్దనండి.

7. వందలో ఎంత దేనికి?

వంద రూపాయలుంటే బాడీకి 50, లెన్స్‌కి 35, మిగతా 15 కార్డుకూ బ్యాటరీకీ సంచికీ. ఈ 15 మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మెమరీ కార్డు ఒక పెద్దది కాకుండా రెండు మధ్యరకానివి కొనండి. ఒకటి పోయినా సగం ఫోటోలు దక్కుతాయి.

రెండు లెన్సుల కిట్‌లో రెండోది చవకగా వస్తోందంటే మాత్రం మీ నోటుబుక్ తీసి చూడండి. అందులో దూరం లేకపోతే రెండో లెన్స్ అక్కర్లేదు. ఈఎంఐ మీద పెద్ద బాడీ తీసుకుని లెన్స్‌కు డబ్బు లేక కూర్చున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ కెమెరా తప్పేం లేదు, దానికి చూడడానికి కన్నే లేదు.

8. దుమ్ము, నీళ్లు, బూజు

బొగ్గు లారీలు తిరిగే మణుగూరు దారిలో రోడ్డు పక్కన లెన్స్ మార్చకండి. ఏ లెన్స్ కావాలో ఇంట్లోనే తగిలించుకుని బయల్దేరండి. గోదావరి మీద పడవలో కూడా అంతే. గాలికి తుంపర వస్తుంది. తప్పనిసరిగా మార్చాలంటే బాడీ నోరు కిందికి పెట్టి, సంచి లోపలే మార్చండి.

వానాకాలం మన వైపు బాగా తేమ. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు చాలా ఇళ్లు నీళ్లలో ఉన్నాయి. వరద రాకపోయినా గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ నెలల్లో తోలు సంచిలో కట్టిపెట్టి బీరువాలో దాచిన లెన్స్‌కే ముందు బూజు పడుతుంది. వంటింట్లో పప్పులు పోసుకునే గట్టి మూత డబ్బా చాలు. అందులో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరా పెట్టండి. రంగు మారే రకం జెల్ అయితే ఎప్పుడు వేడిచేసి ఆరబెట్టాలో అదే చెబుతుంది. వారానికోసారి బయటికి తీసి వాడండి. అంతకు మించిన మందు లేదు.

9. కెమెరా ఎత్తేముందు నోరు విప్పండి

కిన్నెరసాని అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లడానికి, ఫోటోలు తీయడానికి అనుమతి ఉండాలి. సందర్శకుల మేరలో టికెట్‌తో సరిపోయేదేదో, లోపలికి వెళ్లాలంటే ఎవరిని అడగాలో అటవీ శాఖ కౌంటర్ దగ్గరే కనుక్కోండి. గూళ్ల జోలికి వెళ్లకండి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దారుల్లో పోలీసు క్యాంపుల వైపు, చెక్‌పోస్టుల వైపు కెమెరా తిప్పకండి. డ్రోన్ అయితే అసలు సంచిలోంచి తీయకండి, రాతపూర్వక అనుమతి చేతిలో ఉంటే తప్ప.

మనుషుల దగ్గర ఇంకా జాగ్రత్త. కోయ గూడేల్లోకి, కొండరెడ్ల ఊళ్లలోకి వెళ్లి, బైకు దిగకుండానే లెన్స్ చాచి తీసేవాళ్లను చూశాను. జూలో తీసినట్టు తీస్తారు. మీరు అలా చేయరని నాకు నమ్మకం. "అవ్వా, ఒక ఫోటో తీసుకోనా?" అని అడగండి. వద్దంటే నవ్వి నమస్కారం పెట్టండి. సరేనంటే తీశాక చూపించండి, మళ్లీ వచ్చేటప్పుడు అచ్చు వేయించి తెచ్చివ్వండి. రెండోసారి వెళ్లినప్పుడు దొరికే ఫోటో ఏ లెన్స్‌తోనూ రాదు.

మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ పేరు వినే ఉంటారు. 1940ల మొదట్లో ఆయన పాపికొండల దగ్గర, గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ల బతుకును రాసి, ఫోటోలు తీశారు. 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అన్న పుస్తకం 1945లో వచ్చింది. ఆయన ఫోటోలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. ఆనాటి కెమెరాలో ఆటోఫోకస్ లేదు, వెనకాల స్క్రీన్ లేదు. ఇవాళ మీరు కొనబోయే అతి చవకైన బాడీ దానికంటే అన్ని విధాలా మెరుగు. ఆయన దగ్గర ఉన్నదీ, మనం కొనలేనిదీ ఒకటే: ఆ ఊళ్లలో గడిపిన రోజులు. పోలవరం ముంపుతో ఆ ఒడ్డు ఊళ్లు ఎన్నో చెదిరిపోతున్నాయి. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయన పాడుతుండగా మామూలు ఫోన్‌తో తీసుకున్నవాళ్ల దగ్గర ఆ బొమ్మ ఉంది. మంచి కెమెరా కొన్నాక తీద్దామనుకున్నవాళ్ల దగ్గర లేదు.

అందుకే నెల రోజులు ఫోన్‌తో తిరగమన్నాను గాని, నెల రోజులు ఆగమనలేదు.

మీరు ఈ పేజీ మార్చిలోనో ఏప్రిల్‌లోనో చదువుతుంటే ఇప్పపూలు రాలే కాలం. పువ్వు రాత్రి రాలుతుంది. బుట్టలతో ఆడవాళ్లు తెల్లవారుజామునే వచ్చి ఎండ ఎక్కేలోపు ఏరేసుకుని వెళ్లిపోతారు. దగ్గర్లో ఇప్పచెట్టున్న ఊరు ఎవరిదో ఇవాళే కనుక్కోండి, వెళ్లి అడిగి రండి. బ్యాటరీ రాత్రే ఛార్జింగ్‌లో పెట్టండి.